బావగారు సరేనన్న పూట

పోయిన వారం నాగదుర్గను కడియం నర్సరీ ఆఫీసు గుమ్మంలో మజ్జిగ చెంబుతో సహా నిలబెట్టి, మన పనుల్లో మనం పడిపోయాం. నిజంగా వారం గడిచి ఉంటే ఆ మజ్జిగ ఈపాటికి పులిసి ఊరుకునేది. కథలో గడిచింది ఒక్క గుక్క కాలమే కాబట్టి చెంబు ఇంకా చల్లగానే ఉంది. దాన్ని పట్టుకున్న చేతికే చెమట పట్టింది.

ఆమెను గుమ్మంలో ఆపింది ఒక మాట. లోపల తాతాజీ బావగారు కంప్యూటరు ముందు, పురోహితుడి ఎదుట పెళ్ళికొడుకులా, చెప్పింది చెయ్యడానికి సిద్ధంగా కూర్చున్నారు. బల్ల మీద స్పీకర్లో పెట్టిన ఫోనులోంచి రాజమండ్రి గణేష్‌బాబు గొంతు వస్తోంది. కుండీలకు అంటించే లేబుళ్ళ ప్రింటరు అమ్మినవాడు ఆ గణేష్‌బాబే.

"పాత ప్రోగ్రాం ఒకటి అడ్డుపడుతోందండి. దానికెవరో తాళం వేసి పెట్టారు. అందుకే మన ప్రింటరుది ఎక్కట్లేదు. తీసేద్దామాండీ?"

ఆ తాళం వేసింది లోకనాథ్. తాతాజీకి తమ్ముడు, నాగదుర్గకు భర్త. తాళం ఉంది, మనిషి లేడు.

ఈ వారమే మనతో కలిసినవారికి నాలుగు ముక్కలు చెప్పాలి. వీళ్ళ నర్సరీలో కొమ్మముక్కలు నాటి వేళ్ళు తొడిగించే ప్లాస్టిక్ షెడ్డు ఒకటుంది. అందులో మొక్కకు నీళ్ళు పొయ్యకూడదు, అలాగని ఎండగట్టనూ కూడదు. కాసేపటికోసారి పైన గొట్టాల్లోంచి పొగమంచులాంటి తుంపర పడుతుండాలి. ఆ పని కంప్యూటరుకు అప్పగిస్తూ లోకనాథ్ సొంతంగా ఒక ప్రోగ్రాం రాసి, దానికి 'తుంపర' అనే పేరు పెట్టుకున్నాడు. రెండేళ్ళ కిందటి వేసవిలో ఒక మిట్టమధ్యాహ్నం అది ఆగిపోయింది. అది కూడా భార్యాభర్తలిద్దరూ తణుకులో పెళ్ళికి వెళ్ళిన రోజున. ఎవరూ చూసుకునేలోగా బెంగుళూరు ఆర్డరు కోసం పెంచుతున్న మొక్కలన్నీ తలలు వాల్చేశాయి.

"నాదే తప్పు. ప్రోగ్రాంలో పొరపాటు చేశాను" అన్నాడు లోకనాథ్, తిరిగి రాగానే.

తల్లి పాపాయమ్మ పనివాళ్ళందరి ముందూ ఒక మాట అంది. "నువ్వు చేసేది వ్యవసాయం కాదురా, ఆట. ఆడుకునేవాళ్ళు ఇంకోచోట ఆడుకోండి."

అతను తల్లి మాట జవదాటలేదు. జంగారెడ్డిగూడెం దగ్గర ఆయిల్‌పామ్ మొక్కలు పెంచేచోట ఉద్యోగానికి కుదిరాడు. సెలవు దొరికినప్పుడల్లా మోటారుసైకిలు మీద వచ్చి పోతుండేవాడు. అలా వస్తూనే ఒక వానలో, ఒక లారీకి ఎదురై, రాకుండా పోయాడు.

అప్పట్నించీ నాగదుర్గకు ఒకటే పంతం. ఆయన తప్పు లేదని ఈ ఇంట్లో ఒక్క నోరైనా అనాలి. ఆమె దగ్గర ఆధారం ఏమీ లేదు. గ్యాస్ కట్టేశామా లేదా అని వీధి చివర్నించి వెనక్కి వచ్చి చూసుకునే మనిషి, మొక్కల ప్రాణాల దగ్గర పొరపాటు చేశాడంటే ఆమె నమ్మలేదు. అంతే. భార్యలకు అంతకంటే పెద్ద ఆధారాలు సాధారణంగా ఉండవు.

తాతాజీ బావగారి సంగతి కూడా చెప్పుకోవాలి. ఆయన కాదనలేని మనిషి. ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన నోట "ఆయ్, సరేనండి" తప్ప ఇంకో మాట వచ్చినట్టు కడియంలో ఎవరికీ గుర్తు లేదు. అడిగినవాడి మొహం చిన్నబోవడం ఆయన చూడలేడు. ట్రాక్టరు అడిగితే ఇచ్చేసి, తన పొలానికి అద్దె ట్రాక్టరు తెచ్చుకున్నారొకసారి. ఫోనులో రికార్డు చేసిన గొంతు ఒకటి నొక్కమంటే ఒకటి, రెండు నొక్కమంటే రెండు నొక్కి, చివర్న "థాంక్సండీ, ఉంటానండీ" అని చెప్పి మరీ పెట్టేస్తారు. భర్త పోయాక "నేను నర్సరీ ఆఫీసులో కూర్చుంటానండి బావగారూ" అని నాగదుర్గ అడిగినప్పుడు కూడా, అత్తగారు కళ్ళతో వద్దంటున్నా, ఆయన సరేనన్నారు. ఆ ఒక్క సరే మీదే ఆమె ఇన్నాళ్ళూ ఊపిరి పీలుస్తోంది.

తాళమన్న మాట చెవిన పడ్డాక ఆమె లోపలికి అడుగు వెయ్యడానికి పట్టింది ఎంతసేపూ కాదు. కానీ సరేననడానికి అంతకన్నా తక్కువసేపు పడుతుంది.

"ఆయ్, సరేనండి" అన్నారు బావగారు. గణేష్‌బాబు ఒక్కొక్క అక్షరమే చెప్పాడు, ఆయన ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని కొట్టారు. తాళం ఊడింది. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరి పైకి పరిగెత్తి, చివర్న ఒక ప్రశ్న దగ్గర ఆగాయి.

"ఏదో అడుగుతోందండి" అన్నారాయన.

"ఏం అడిగినా ఎస్ అని వై నొక్కెయ్యండి సార్."

"బావగారూ, ఆగండి!" అంది నాగదుర్గ.

"ఆయ్, అయిపోయిందమ్మా" అన్నారాయన నవ్వుతూ, వేలు పైకెత్తి. "మజ్జిగా? ఇలా ఇయ్యి తల్లీ."

ఆయన మజ్జిగ తాగుతుండగా బయట ఒక చప్పుడు ఆగిపోయింది. ఉన్నంతసేపూ ఎవరికీ వినపడని చప్పుడు అది. షెడ్డులోంచి వచ్చే సన్నటి స్ స్ శబ్దం. అది ఆగాక ఊరంతా నోరు మూసుకున్నట్టయింది.

నాగదుర్గ తెర మీదికి వంగింది.

పెళ్ళయిన కొత్తలో లోకనాథ్ ఆమెకు కంప్యూటరు సంగతులన్నీ పెళ్ళిభోజనాల మీద పెట్టి చెప్పేవాడు. ఆమె చదివింది బీయస్సీ బోటనీ. కంప్యూటరుతో ఆమె పరిచయం అప్పటికి దుమ్ము తుడవడం వరకే.

"ప్రోగ్రాం అనేది ఒంటరిగా రాదు దుర్గా. మీ తణుకు మావయ్యగారిలా నలుగుర్ని వెంటేసుకొస్తుంది. ఆ నలుగురూ పక్కన లేకపోతే ముద్ద ముట్టదు. వీళ్ళందర్నీ పంక్తిలో సర్దడానికి లోపలొక పెళ్ళిపెద్ద ఉంటాడు. ఎవరికెవరు పడరో ఆయనకి తెలుసు. కొత్తగా ఎవర్నైనా పిలిచామనుకో, ఆయనొచ్చి చెవిలో అడుగుతాడు. అయ్యా, వీరు కూర్చోవాలంటే అదిగో, అక్కడ తింటున్నవార్ని లేపాలి, లేపమంటారా అని."

"తింటున్నవాళ్ళని లేపడమేంటండీ, అప్రదిష్ట!"

"అందుకేగా అడిగేది. ఎవర్ని లేపుతున్నాడో పేరుపేరునా చదువుతాడు. మనం వినాలి. వినకుండా సరే అన్నావంటే ఇంటల్లుణ్ణైనా లేపేస్తాడు. ఆయనకి అల్లుడూ ఒకటే, అరిటాకులేసేవాడూ ఒకటే."

"అయితే మీ పెళ్ళిపెద్దకి బుద్ధి తక్కువ."

"బుద్ధి లేదు గానీ మర్యాద ఉంది. అడక్కుండా ఏ పనీ చెయ్యడు."

ఇప్పుడు తెర మీద ఆ పెళ్ళిపెద్ద చదివిన పేర్లు కనిపిస్తున్నాయి. ఇవి తీసేయబడును అన్న వరుసలో అన్నిటికన్నా చివర, ఇంగ్లీషు అక్షరాల్లో, తుంపర. దాని కింద ప్రశ్న. ప్రశ్న పక్కన బావగారు నొక్కిన ఒకే ఒక్క అక్షరం.

"అమ్మగారోయ్!" షెడ్డు వైపు నుంచి మహాలక్ష్మమ్మ కేక. ఆమె నర్సరీలో కూలీలకు పెద్ద. "నీళ్ళాగిపోయాయమ్మోయ్! మళ్ళీ ఆగిపోయాయి!"

ఆ 'మళ్ళీ' అన్న మాట వినగానే బావగారి చేతిలో చెంబు వంగి మజ్జిగ కీబోర్డు పక్కన ఒలికింది. ఆయన పంచె ఎగ్గట్టి బయటికి పరిగెత్తారు. వరండాలో పీట వేసుకుని సంచుల్లోకి మట్టి నింపుతున్న పాపాయమ్మ లేవలేదు. గుమ్మంలోంచి కంప్యూటరు వైపు చూస్తూ, "చచ్చి ఏ లోకాన ఉన్నాడో గానీ, వాడి ఆట మనల్ని వదల్లేదు" అంది. తిట్టినట్టు లేదు. అలిసిపోయినట్టుంది.

నాగదుర్గ కుర్చీలో కూర్చుంది. బయట పైపులు లాగుతున్న చప్పుడు, బావగారి అరుపులు, "నెత్తిన కాదు, గాల్లోకి కొట్టండి, గాల్లోకి!" మే నెల ఎండలో ఆ షెడ్డు మూతపెట్టిన ఇడ్లీపాత్ర. లోకనాథ్ దగ్గరుండి చేయించి నేర్పిన దారి ఆమె మర్చిపోలేదు. ముందు కొత్తగా వచ్చిన చుట్టాన్ని, అంటే లేబుల్ ప్రింటరు సరంజామాను, సాగనంపింది. పెళ్ళిపెద్ద ఆమెనూ అడిగాడు. ఆమె ప్రతి పేరూ చదివింది, పెదవులు కదుపుతూ. తర్వాత లోకనాథ్ తన పేరున్న అరలో తుంపరను మూట కట్టి దాచిన చోటు వెతికి, దాన్నీ దాని వెంట ఉండాల్సిన పాత చుట్టాల్నీ పిలిచి కూర్చోబెట్టింది.

"హలో? సార్? లైన్లో ఉన్నారాండీ?" అంటోంది ఫోను.

"తర్వాత చేస్తారండి" అని ఆమె కట్టేసింది.

స్ స్ స్.

"వచ్చిందమ్మోయ్!" అని మహాలక్ష్మమ్మ అరిచింది. ఆ తర్వాత ఆడవాళ్ళందరూ ఒక్కసారి నవ్వారు. తడిసినవాళ్ళ నవ్వు. ఈసారి మొక్కలు తలలు వాల్చలేదు.

బావగారు తల నుంచి నీళ్ళు కారుతుంటే వచ్చి గుమ్మంలో చతికిలబడ్డారు. "బతికించావు తల్లీ. ఏమైంది దానికి?"

ఏమైందో చెప్పడానికి ఆమె నోరు తెరిచి, తెర మీది ఆ అక్షరం వైపు ఇంకోసారి చూసి, వేరే మాట అడిగింది.

"బావగారూ, ఇలా ఇంగ్లీషులో వరసగా చదివి చివర్న అడగడం ఇదివరకెప్పుడైనా జరిగిందాండీ?"

"ఎందుకు జరగలేదూ?" ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "మీరిద్దరూ తణుకు పెళ్ళికెళ్ళారు చూడు, ఆ రోజు. ఆడిటరు గారి ఆఫీసు వాళ్ళు ఫోన్ చేసి బిల్లులది కొత్తదేదో పెట్టుకోవాలన్నారు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు కొట్టాను. అప్పుడూ ఇలాగే పేద్ద పాట పాడి, చివర్న అడిగింది. సరేనన్నాను. పాపం, అంతసేపు అడిగాక కాదంటే ఏం బావుంటుంది? గొడవేం లేకుండా అయిపోయింది. ఇంటికెళ్ళి నాలుగు మెతుకులు తిని నడుం వాల్చాను. ఇంతలో..." ఆయన మొహం నల్లబడింది. "ఇంతలో వీళ్ళొచ్చి లేపారు, తమ్ముడి ప్రోగ్రాం పాడైందని."

ఆయన రెండు మాటల్నీ పక్కపక్కనే పెట్టి చెప్పారు. రెంటికీ మధ్య దారం ఉందని ఆయనకు తోచలేదు. పక్కపక్క ఇళ్ళలో ఒకే పూట ఒకరింట్లో పెళ్ళి, ఇంకొకరింట్లో చావు జరిగినట్టు చెప్పారు.

వరండాలో మట్టి నింపుతున్న చప్పుడు ఆగింది.

నాగదుర్గకు ఆ దారం కనబడింది. దొరికింది. ఇన్నాళ్ళు వెతికింది దొరికింది. ఆయన తప్పు లేదు. రాతలో పొరపాటు లేదు. పెళ్ళిపెద్ద అడిగాడు, బావగారు విన్లేదు. తింటున్న విస్తరి ముందు నుంచి సొంత తమ్ముణ్ణే లేపేశారు.

సంతోషపడబోయింది. ఆ వెంటనే ఆ సాయంత్రం గుర్తొచ్చింది.

తణుకు నుంచి బస్సు దిగి, పట్టుబట్టలతోనే లోకనాథ్ ఈ కుర్చీలో కూర్చున్నాడు. ఆమె వెనకాలే నిలబడింది. ఆయన తెర వైపు చూశాడు, కొంచెం పైకి జరిపాడు, చదివాడు. ఎక్కువసేపు పట్టలేదు. ఆ తర్వాత చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. కిటికీలోంచి అన్నయ్య కనబడుతున్నాడు, వాడిన మొక్కల మధ్య గొంతుక్కూర్చుని, ఒక్కో కొమ్మనూ లేపి నిలబెట్టి చూస్తూ. లోకనాథ్ ఏవో అక్షరాలు కొట్టి, లేస్తూ అన్నాడు. "తాళం వేశాను దుర్గా. ఇక ఎవరు సరేనన్నా ఇది కదలదు."

తప్పు తనదని చెప్పడానికి ఆయన బయటికి నడిచింది ఆ తర్వాతే.

ఏం పొరపాటండీ అని తరవాత ఎన్నిసార్లు అడిగిందో. "పప్పులో ఉప్పు తగ్గినట్టులే" అని నవ్వేసేవాడు. కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. ఆమె నోట్లో మాట నిలవదని కాదు. నిజం తెలిస్తే దాచుకోలేకపోతుందని భయం. నలుగురిలో అత్తగారు ఆ మాట అన్నప్పుడు ఆమె ఊరుకునేది కాదని ఆయనకు తెలుసు.

అంటే ఆయనకు అంతా తెలుసు. తెలిసే తల వంచుకున్నాడు, తెలిసే ఊరు వదిలాడు, తెలిసే ఆ వానలో బండెక్కాడు. అడిగితే కాదనలేని అన్నయ్యకు, అడక్కుండానే మనశ్శాంతినిచ్చి పోయాడు. ఇప్పుడు దాన్ని ఆమె పైకి తీసి అందరికీ చూపిస్తే ఆయన పేరు నిలబడుతుంది, ఆయన ఇచ్చింది కూలిపోతుంది. నాగదుర్గకు ఏడుపు రాలేదు. ఆయన మీద కోపమొచ్చింది. చనిపోయినవాళ్ళ మీద కోపమంత పనికిమాలింది ఇంకోటి లేదు. అన్నం మానేసినా వాళ్ళొచ్చి బతిమాలరు.

"ఇంకెందుకమ్మా అది" అంటున్నారు బావగారు, మెల్లగా, ఆమె మనసు నొప్పించకుండా. "వాడి గుర్తని ఉంచాను గానీ, మనకి అచ్చిరాలేదు. రెండోసారి ఇలా చేసింది. కంపెనీ వాళ్ళది కొత్తది పెట్టించేద్దాం. వాడు మంచివాడేనమ్మా. పని రాలేదంతే. వాడే ఒప్పుకున్నాడు కదా, పాపం."

పని రాలేదంతే.

ఆ మూడు మాటలూ ఆయన ప్రేమగానే అన్నారు. ప్రేమగా అన్నందుకే ఆమె గుండెల్లో దిగబడ్డాయి.

"ఆయన తప్పు లేదండీ బావగారూ."

అనేసింది. వెనక్కి తీసుకోవడానికి వీల్లేనంత గట్టిగా అనేసింది.

తాతాజీ గుమ్మం పట్టుకుని లేచారు. "ఏమన్నావమ్మా?"

"రెండేళ్ళ కిందట ఆగింది ఆయన రాత వల్ల కాదండి. దాంట్లో ఏ లోపమూ లేదు. ఇప్పుడే మళ్ళీ పెట్టాను. పనిచేస్తోంది కదా, వినండి."

ముగ్గురూ విన్నారు. షెడ్డులో తుంపర పడుతోంది.

"మరి నాదేనన్నాడు కదమ్మా?"

"అన్నారండి."

"తప్పు లేనివాడు నాదని ఎందుకంటాడు?" ఆయన అడిగిన తర్వాత తనే ఆలోచించారు. బావగారు అమాయకులే గానీ తెలివి తక్కువవారు కాదు. తడి తువ్వాలు చేతిలో ముద్దయింది. "ఎవర్నో కాశాడన్నమాట. మా వాడికి చిన్నప్పట్నించీ అంతే, పక్కవాడి దెబ్బలు వాడు తినేవాడు. ఎవర్ని కాశాడమ్మా? పనివాళ్ళెవరైనా చెయ్యి పెట్టారా? బయటివాళ్ళెవరైనా వచ్చారా?"

నాగదుర్గ కీబోర్డు పక్కన ఒలికిన మజ్జిగను కొంగుతో తుడవసాగింది.

"చెప్పమ్మా. వాడెవడో గానీ మా అమ్మ చేత నా తమ్ముణ్ణి అంత మాట అనిపించాడు. వాణ్ణి ఊరు దాటించాడు. వాణ్ణి..." తువ్వాలు నేలకేసి కొట్టారు. తర్వాత వచ్చిన గొంతు ఆమె ఎప్పుడూ విననిది. "ఆ చేసినవాణ్ణి నేను క్షమించను. ఎవరొచ్చి అడిగినా సరే, క్షమించను."

బతుకులో ఆయన మొదటిసారి కాదన్నారు.

ఆయన వీపు వెనక, వరండాలో, పాపాయమ్మ పీట మీద నుంచి లేచి నిలబడి ఉంది. ఆవిడకు కంప్యూటరు తెలియదు. కొడుకులిద్దరూ తెలుసు. పెద్దవాడు సరేనన్న రోజూ, చిన్నవాడు నాదేనన్న రోజూ ఒకటేనని ఆవిడ విన్నది. గోడ పట్టుకుని రెండడుగులు ముందుకొచ్చి, ఏ నోటితో ఆ మాట అందో ఆ నోరు ఇప్పుడు తెరవలేక, మోచేతులదాకా మట్టి అంటిన రెండు చేతులూ ఎత్తి, కోడలికి దణ్ణం పెట్టింది. చెప్పొద్దనా? చెప్పేయమనా? ఒక్క కొడుకునైనా మిగల్చమనా?

బావగారు వెనక్కి తిరిగి చూడలేదు. చూపంతా నాగదుర్గ మీదే ఉంది.

"నిన్నే అడుగుతున్నానమ్మా," అన్నారు. "ఎవరు వాడు?"